బట్టి ఆరాక వచ్చిన మసి

చందూర్,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

అక్కా,

నీ తమ్ముడు క్షేమం. పాకంలో పడి బెల్లం కాలేదు. మూడు వారాలుగా ఉత్తరం లేదని నువ్వు బావను సతాయిస్తున్నావట. నిన్న ఫోన్ చేసి, “ఏమయ్య రామ్‌దాస్, ఒక కాయితం ముక్క రాసి పడెయ్యరాదు? మీ అక్క నా పానం తింటున్నది” అన్నాడు.

రోజా నవ్వుతోంది. “ఈ కాలంల ఉత్తరాలేంది, మెసేజ్ పెట్టరాదు” అంటుంది. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా తనకు మన సంగతి అంతుపట్టలేదు. పదేళ్ళప్పుడు వచ్చిన జ్వరం నీ చెవులు రెండూ తీసుకుపోయింది, ఫోన్ నీకు పనికిరాదు. బావ దగ్గరున్న చిన్న ఫోన్‌కు తెలుగులో పంపితే అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళు కనిపిస్తాయి. ఇక మిగిలింది పోస్టు డబ్బానే. ఎదురుగా ఉంటే మనకు కాగితం కూడా అక్కర్లేదు. బాపు ముందే కూర్చుని, గొంతు బయటికి రాకుండా పెదాలతోనే బాపును తిట్టుకున్న వాళ్ళం కదా. నా పెదాలు చదివినంత బాగా నువ్వు పత్రిక కూడా చదవవు.

బెల్లం బట్టి సంక్రాంతి ముందు నుంచి ఆగకుండా మండుతోంది. పాకం దించే వేళ దగ్గర నిలబడేది నేనే, ఆ పని ఇంకొకరికి ఇవ్వలేను. పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసే నర్సింలును చూస్తే నువ్వు గుర్తుపట్టవు, కళ్ళు, పళ్ళు తప్ప అంతా మసే. నేనూ అంతే. ముక్కు చీదితే రుమాలు నల్లబడుతుంది.

నాలుగు రోజులుగా జలుబు. ఎడమ ముక్కు పూర్తిగా మూసుకుపోయింది, ఆ వైపు చెంప బరువుగా ఉంది. సీజన్‌లో ఇది మామూలే. షుగర్ గోళీలు వేసుకుంటున్నావా అని అడుగుతావు. వేసుకుంటున్నాను, అడగకు.

నీ తమ్ముడు
రామ్‌దాస్

ఏర్గట్ల,
13 ఫిబ్రవరి

తమ్మీ రామ్‌దాస్‌కు అక్క పుష్పలత దీవెనలు.

ఉత్తరం మీద పసుపు మరకలు పడితే ఏమనుకోకు. పసుపు తవ్వడం అయింది, ఉడకబెట్టడం నడుస్తోంది. ఎంత కడిగినా ఈ చేతులు ఉగాది దాకా ఇలాగే ఉంటాయి. మీ బావ ఆవిరి డబ్బా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, అదే ఆయన వ్యవసాయం.

నీ జలుబు సంగతి చదివాను. మందుల షాపులో ఏదో గోళీ అడిగి మింగకు. మన సిద్దిరాములు రేపు వర్నికి పోతున్నాడు, దారిలోనే కాబట్టి ఈ ఉత్తరంతో పాటు ఒక సంచి ఇస్తున్నాను. అందులో ఈ ఏటి కొమ్ములు ఉన్నాయి, ఎండబెట్టినవి, మంచివి ఏరి పెట్టాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నిప్పుల మీద కాల్చి, ఆ పొగ ముక్కుతో గట్టిగా పీల్చు. చిన్నప్పుడు అవ్వ మనిద్దరి తలలు పట్టుకుని ఎలా పీల్పించేదో గుర్తుంది కదా. నువ్వు ఏడ్చేవాడివి. ఇప్పుడు ఏడవకు, నలభై ఏడేళ్ళు వచ్చాయి.

ఎడమ చెంప బరువు అన్నావు. అది నాకు నచ్చలేదు. పీల్చావో లేదో రాయి.

అక్క

చందూర్,
16 ఫిబ్రవరి

అక్కా,

సంచి అందింది. పొగ రెండు పూటలా పీలుస్తున్నాను. ముక్కు కొంచెం తెరుచుకున్నట్టే ఉంది. నీ చేతి చలవ.

ఎడమ ముక్కులోంచి నల్లగా వస్తోంది. చిక్కగా, పెచ్చులు పెచ్చులుగా. ఎడమ వైపు పై పళ్ళు కూడా లాగుతున్నాయి, అక్కడ నమలలేక కుడి వైపే తింటున్నాను. ఇక్కడి ఆర్‌ఎంపీ చూసి, “బట్టి కాడ ఉంటె ముక్కుల మసి ఉండకుంట మల్లెపూలుంటయా” అని నవ్వి, ఐదు రోజులకు గోళీలు ఇచ్చాడు. రోజా మాత్రం నిజామాబాద్ పోదామంటుంది. ఆమెకు నిజామాబాద్ అంటే చీరల దుకాణం గుర్తొస్తుంది.

అన్నట్టు, మంగళవారం పెద్ద పెనం అడుగు చీలింది. రసం అంతా పొయ్యిలో పోయి మంట ఆరిపోయింది. నర్సింలు మూడు గజాలు ఎగిరి దూకాడు, లేకపోతే కాళ్ళు ఉడికిపోయేవి. కొత్త పెనం బోధన్‌లో చేయిస్తున్నాం. నెలాఖరు దాకా బట్టి వెలగదు. చెరుకు తెచ్చిన రైతులు నన్ను తిడుతున్నారు, నేను పెనాన్ని తిడుతున్నాను.

బావను అడిగానని చెప్పు.

రామ్‌దాస్

ఏర్గట్ల,
20 ఫిబ్రవరి

తమ్మీ,

ముక్కు తెరుచుకుందని చదివి నెమ్మదించాను. నల్లగా వస్తున్నందుకు భయపడకు. పొగ పీల్చిన మనిషికి మసి రాక ఏమొస్తుంది? లోపల గడ్డకట్టిన జలుబు అంతా ఆ మసితో కలిసి వెళ్ళిపోతోంది. అవ్వ కూడా అలాగే అనేది. మధ్యలో మానకు. రెండు పూటలు కాదు, మూడు పూటలు పీల్చు.

పంటి సంగతి వేరు. లవంగం పెట్టుకో.

ఇక్కడ పసుపు ఆరబోశాం. మొన్న సాయంత్రం మబ్బు పట్టింది. ఉరుము నాకు వినబడదు కదా, అందరూ పరుగెత్తడం చూసి నేనూ పరుగెత్తాను. పరదాలు కప్పేసరికి నాలుగు చినుకులు పడి ఊరుకుంది. మీ బావ కుర్చీ మాత్రం తడవలేదు.

రోజాను చీరల పేరుతో ఏడిపించకు. అమాయకురాలు.

అక్క

చందూర్,
23 ఫిబ్రవరి

అక్కా,

ఈ ఉత్తరం చదివి నన్ను తిడతావు. తిట్టు. నీతో అబద్ధం ఆడి వారమైంది, కడుపులో ఉంచుకోలేకపోతున్నాను.

నీ పసుపు కొమ్ము ఒక్కటి కూడా కాల్చలేదు. రోజాకు ఆయాసం ఉంది, పొగ పడదు. సంచి మూతి కూడా విప్పకుండా మేకుకు తగిలించాను. నువ్వు ఏరి ఏరి పంపావు కదా, పీల్చలేదంటే చిన్నబుచ్చుకుంటావని అలా రాశాను. ఇప్పుడు మూడు పూటలు పీల్చమన్నావు. ఇంకెన్ని అబద్ధాలు రాయను? నల్లది రావడం నీ పసుపు వల్ల కాదు, నీ మందును అనుమానించకు. ఇన్నేళ్ళుగా పీల్చిన బట్టి మసి ఇప్పుడు దిగుతున్నట్టుంది.

ఒక తమాషా. నిన్నటి నుంచి నాకు ఇద్దరు రోజాలు కనిపిస్తున్నారు. ఒకరి పక్కన ఒకరు నిలబడి ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. ఒక్కరితోనే వేగలేకపోతున్నాను. ఎడమ కన్ను వాచి సగం మూసుకుంది, అందుకే అనుకుంటా. ఇంకో తమాషా, పొద్దున గడ్డం గీయించుకుంటుంటే మంగలి అదిరిపడి కత్తి తీసేశాడు. ఎడమ చెంప తెగి నెత్తురు కారుతోందట. నాకు తెలియనే లేదు.

శివరాత్రి ఉపవాసం అయ్యాక నిజామాబాద్ పోతాను. రోజాకు మాట ఇచ్చాను.

తప్పు క్షమించు.
రామ్‌దాస్

ఏర్గట్ల,
27 ఫిబ్రవరి, మధ్యాహ్నం

తమ్మీ,

నిన్న శివరాత్రి సెలవని పోస్టు రాలేదు. నీ ఉత్తరం ఇప్పుడు అందింది. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

నీ మూడు ఉత్తరాలు మంచం మీద పక్కపక్కన పరిచాను. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నువ్వు పసుపు కాల్చలేదు. బట్టి పదహారు రోజుల కింద ఆరిపోయింది. నీ ఇంట్లో నిప్పు లేదు, పొగ లేదు. మరి ఆ మసి ఎక్కడిది?

అది మసి కాదు. ఏమిటో నాకు తెలియదు. నీ లోపల ఏదో నల్లబడుతోంది. చెంప తెగినా తెలియలేదంటే ఆ చెంప బతికి లేదు. అది తమాషా అని ఎలా రాశావు?

మీ బావతో ఫోన్ చేయించాను. ఆయన మాట్లాడుతుంటే ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. ఫోన్ పెట్టేసి, బాగున్నాడని చెయ్యి ఊపాడు. “మంచిగనే ఉన్న బావ అంటున్నడు” అన్నాడు. నేను నమ్మను. నీ గొంతు విన్నవాళ్ళను నువ్వు మోసం చేయగలవు. నేను కాగితం చూశాను.

మూడు పూటలు పీల్చమని రాసింది నేనే. మానకు అని రాసింది నేనే. భయపడకు అని కూడా రాశాను. దేవుడా, భయపడమని రాయవలసింది.

ఇది చేరేలోపు నేనే వస్తానేమో. అయినా రాయకుండా చేతులు నిలవడం లేదు. నాకోసం ఆగకు. ఇది చదువుతున్న చోటి నుంచే లే. చొక్కా కూడా మార్చుకోకు. పో.

అక్క

ఏర్గట్ల,
19 మార్చి

తమ్మీ,

ఎలా ఉన్నావు? హైదరాబాద్‌లో అంత పెద్ద ఆసుపత్రిలో నిన్ను వదిలి రావడానికి నాకు మనసొప్పలేదు. వార్డులో ఒక్కరినే ఉండనిస్తామన్నారు, రోజా ఉండాలి, అది న్యాయం. వచ్చి ఐదు రోజులైంది. పసుపు డ్రమ్ములో పోసి పాలిష్ పడుతున్నారు. నేను ఒక్క కొమ్ము ముట్టుకోలేదు.

ఒకటి అడుగుతాను, దాచకుండా రాయి. నిజామాబాద్‌లో ఆ ముక్కు డాక్టరమ్మ నీ నోట్లో లైటు వేసి చూసింది కదా. అంగిలి మీద ఆ నలుపు నేనూ చూశాను. కాలిన రొట్టెలా ఉంది. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి రోజాతో చాలాసేపు మాట్లాడింది. ముక్కుకు గుడ్డ కట్టుకుంది, నాకు పెదాలు కనబడలేదు. రోజా ఏడ్చింది. తరవాత ఇద్దరూ నా వైపు చూశారు. ఏమన్నదని రోజాను అడిగితే, “ఏం లేదు వదినె” అంది. ఆ చూపు నన్ను వదలడం లేదు. నీ ఇంటి నుంచి నిన్ను చెయ్యి పట్టి లాక్కొచ్చిన పొద్దున నేను భయపడలేదు. ఆ చూపుకు భయపడ్డాను.

ఇంకొకటి. రెండో ఆపరేషన్ తరవాత కట్టు మార్చినప్పుడు నువ్వు నాతో ఏదో అన్నావు. నాలుగు సార్లు అన్నావు. తమ్మీ, నాకు ఒక్క మాట అర్థం కాలేదు. నీ పై పెదవి అటువైపు కదలడం లేదు. నలభై ఏళ్ళుగా చదివిన పుస్తకాన్ని ఎవరో సగం చింపేసినట్టయింది. అర్థమైనట్టు తల ఊపాను. నేనూ అబద్ధం ఆడాను.

ఏమన్నావు?

అక్క

హైదరాబాద్,
24 మార్చి

అక్కా,

ఒక కన్నుతో రాయడం కొత్త, గీతలు కొండెక్కుతున్నాయి. ఎడమ కన్ను, ఎడమ వైపు పై దవడ, వాటితో పాటు ఐదు పళ్ళు పోయాయి. నేను మాట్లాడితే నర్సులు “ఏంది పెద్దాయనా” అని మూడు సార్లు అడుగుతారు. నువ్వొక్కదానివే కాదు, ఎవరికీ అర్థం కావడం లేదు.

డాక్టరమ్మ మాటలు రోజాను అడిగి, ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. ఇది బూజు. రొట్టె మీద, కుళ్ళిన పిప్పి మీద, మట్టిలో, గాలిలో అంతటా ఉంటుందట. అందరం పీలుస్తాం, ఎవరికీ ఏమీ కాదు. ఏ కొద్దిమందికో పట్టుకుంటుంది. పట్టిందంటే నెత్తురు తిరిగే దారులు మూసేస్తుంది, అక్కడి కండ, ఎముక చచ్చి నల్లబడతాయి. ముక్కు నుంచి చెంపకు, చెంప నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకు పోతుంది. ఆమె రోజాతో, “పది దినాల కింద తెస్తే కన్ను దక్కేదమ్మ” అన్నది. అది విని రోజా ఏడ్చింది. అప్పుడు ఆమె, “ఇంక రెండు దినాలైతె మనిషే దక్కకపోతుండె. ఎవరు తోలుకొచ్చిండ్రు?” అని అడిగింది. రోజా నిన్ను చూపించింది. అందుకే ఇద్దరూ నీ వైపు చూశారు.

రెండు మాటలూ రాశాను. ఒకటి దాచి ఒకటి రాయడం ఇక నా వల్ల కాదు.

నీ ఉత్తరాన్ని నువ్వు తిట్టుకుంటున్నావు. నాదీ విను. దీపావళి నుంచి షుగర్ గోళీలు మానేశాను. వేసుకుంటే పొయ్యి ముందు కళ్ళు తిరిగేవి. రోజూ పాకం రుచి చూసేవాణ్ణి. ఇక్కడికి వచ్చిన రోజు షుగర్ నాలుగు వందల ఎనభై. అలాంటి ఒళ్ళే ఈ బూజుకు కావలసిందట. రోజాకు తెలియదు, నీకు తెలియదు. వేసుకుంటున్నాను, అడగకు అని నీకే రాశాను.

రోజూ ఒక మందు ఎక్కిస్తున్నారు. పసుపు రంగులో ఉంటుంది, నీకు నవ్వు రావాలి. అది ఎక్కుతున్నంతసేపు చలి పుట్టి మంచం కదిలేలా వణుకుతాను. మూత్రపిండాలు తట్టుకోవాలని రెండు రోజులకోసారి నెత్తురు తీస్తారు. నా పక్క మంచం మనిషి బాన్సువాడ వైపు నుంచి వచ్చాడు, ఇదే జబ్బు. నిన్న ఆ మంచానికి కొత్త దుప్పటి వేశారు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. భయమేస్తోంది అక్కా. చాలా భయమేస్తోంది.

నాలుగు సార్లు అన్న మాట అదే. “అక్క, నాకు బుగులైతుంది, పోకు” అన్నాను. నువ్వు తల ఊపి వెళ్ళిపోయావు. అప్పుడు కోపం వచ్చింది. నీ ఉత్తరం చదివాక పోయింది.

రామ్‌దాస్

ఏర్గట్ల,
30 మార్చి, ఉగాది

తమ్మీ,

పోకు అన్న మనిషికి తల ఊపి వచ్చేశాను. పొద్దున పచ్చడి చేశాను. మీ బావ గిన్నె ముందు పెడితే పక్కకు జరిపాను.

ఇప్పుడు నా మాట విను. మళ్ళీ వచ్చే ప్రమాదం ఉందని కాగితంలో రాసి ఇచ్చారని రోజా ఫోన్‌లో చెప్పి, మీ బావ చేత నాకు రాయించింది. నువ్వు ఇంటికి చేరాక ప్రతి గురువారం పొద్దున అద్దం ముందు నిలబడు. నోరు తెరిచి టార్చి వేసి చూడు. ముక్కు చూడు. ఏ రంగు కనిపిస్తే ఆ రంగు రాసి పోస్టు చెయ్యి. క్షేమమా అని నేను అడగను, క్షేమం అని నువ్వు రాయకు. రంగు రాయి. గోళీల ఖాళీ అట్ట కూడా కవరులో పెట్టి పంపు, నేను లెక్క చూసుకుంటాను.

నల్లగా ఏది కనిపించినా, ఆవగింజంత కనిపించినా, నాకు రాయకు. నన్ను అడగకు. మందు తెలియని దాన్ని మందు అడిగి ఒక కన్ను పోగొట్టుకున్నావు. బస్సెక్కు.

ఆ సంచి మేకు మీద నుంచి తీసి పారెయ్యమని రోజాకు చెప్పు.

అక్క

నిజామాబాద్ ఆసుపత్రి,
19 జూన్ 2025, గురువారం

అక్కా,

ఇప్పటి దాకా పదకొండు గురువారాలు పదకొండు ఉత్తరాలు రాశాను. అన్నిట్లో ఒకటే, ఎరుపు, నలుపు లేదు. ఖాళీ అట్టలు దాచుకున్నావని బావ చెప్పాడు. ఈ పన్నెండోది ఆసుపత్రి బెంచీ మీద రాస్తున్నాను. కంగారుపడకు, చివరిదాకా చదువు.

పొద్దున టిఫిన్ చేసి, పోయిన దవడ చోట పెట్టిన ప్లేటు తీసి టార్చి వేశాను. లోపల మూలన నల్లని చుక్క ఉంది. నేను బట్టి వెలిగించింది ఫిబ్రవరిలోనే ఆఖరు, తరవాత దాన్ని నర్సింలుకు ఇచ్చేశాను. ఇంట్లో ఊదుబత్తి కూడా వెలిగించడం లేదు. నిప్పు లేదు, పొగ లేదు. రోజా, “వదినెకు ఫోన్ చేపిద్దామా” అంది. వద్దన్నాను. చొక్కా మార్చుకోలేదు. బనీను మీద తువ్వాలు కప్పుకుని బస్సెక్కాను. దారి పొడుగునా నా ప్రాణం ఆ చుక్క దగ్గరే ఉంది. పక్క మంచం మీద వేసిన కొత్త దుప్పటి గుర్తొచ్చింది. సగం దారిలో బస్సులోంచి దూకి ఎటైనా పోదామనిపించింది, రోజా నా తువ్వాలు కొస పట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ గుర్తుపట్టింది. లైటు వేసి చాలాసేపు చూసింది. సన్నని పట్టకారు పెట్టి ఆ చుక్కను తీసి నా అరచేతిలో పెట్టింది.

ఉప్మాలోని ఆవగింజ.

ఆమె నవ్వింది. నర్సు నవ్వింది. రోజా నవ్వుతూనే కుర్చీలో కూలబడి ఏడ్చింది. నాకు నవ్వు రాలేదు, నీకూ రాదని తెలుసు. నమూనా తీసి పరీక్షకు పంపమని అడిగాను. ఆమె నా మొహం చూసి తీసింది. సాయంత్రం చూసి చెప్పింది, బూజు లేదు.

రోజూ అద్దం ముందు పెదాలతో మాటలు నేర్చుకుంటున్నాను. ఎక్కువగా “పోకు” అని. నువ్వు వచ్చినప్పుడు చదివి చూడు, అర్థం కాకపోతే తల ఊపకు.

ఆ ఆవగింజ కవరులో వేశాను, కాగితం విప్పేటప్పుడు పడిపోకుండా చూసుకో. నీకు రాయక ముందే బస్సెక్కాను అక్కా.

ఎరుపు. నలుపు లేదు.

రామ్‌దాస్